'మండల కేంద్రం' అంటే ఏ ఊరు? ఫారంలో తాలూకా, బ్లాక్ అడిగితే ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నాన్నగారి పాత సర్టిఫికెట్‌లో "కూచిపూడి, దివి తాలూకా, కృష్ణా జిల్లా" అని ఉంది. ఆయన ఆధార్‌లో మొవ్వ మండలం అని ఉంది. వార్తల్లో "మండల కేంద్రం" అంటుంటారు. మీరు బెంగళూరులో నింపుతున్న ఫారమేమో సబ్ డిస్ట్రిక్ట్ అడుగుతోంది. ఇవన్నీ ఒకటేనా?

కావు. కొన్నేళ్లు కృష్ణా జిల్లాలో ఒక దినపత్రికకు మండల విలేకరిగా పనిచేశాను కాబట్టి ఈ మాటతోనే నా కాపురం. తెలిసినంత చెబుతాను.

మండలం అంటే కొన్ని గ్రామాలు కలిసిన ప్రాంతం. మండల కేంద్రం అంటే ఆ ప్రాంతానికి సంబంధించిన తహసీల్దార్ ఆఫీసు, ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) ఆఫీసు ఉండే ఊరు. అంతకుమించి ఆ మాటలో ఏమీ లేదు. ఆ ఊరు పెద్దదని గానీ, టౌను అని గానీ, అక్కడ సినిమా హాలు ఉంటుందని గానీ అనుకోకూడదు. చాలా మండల కేంద్రాలు ఇప్పటికీ గ్రామ పంచాయతీలే. వాటికీ సర్పంచే ఉంటాడు.

మీ ఊరి సంగతే చూడండి. కూచిపూడి పేరు దేశమంతా తెలుసు. మండల కేంద్రం మాత్రం పక్కనున్న మొవ్వ. (క్షేత్రయ్య ఊరు కాబట్టి మొవ్వను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు.) పోలీస్ స్టేషన్ చూస్తే కూచిపూడిలో ఉంది. పింగళి వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రు కూడా మొవ్వ మండలంలోనిదే. పేరు, జనాభా, వ్యాపారం ఒక ఊరివైపు ఉండి ఆఫీసులు మరో ఊళ్లో ఉండటం మన దగ్గర మామూలే. జిల్లా స్థాయిలోనూ అంతే. విజయవాడ ఎంత పెరిగినా 2022లో ఎన్టీఆర్ జిల్లా విడిపోయేదాకా దాని జిల్లా కేంద్రం మచిలీపట్నమే. రంగారెడ్డి జిల్లాది ఇంకా విచిత్రం. 1978లో ఏర్పడిన ఆ జిల్లా కలెక్టరేట్ దశాబ్దాల పాటు హైదరాబాద్ నగరం నడిబొడ్డున, అంటే పక్క జిల్లాలో ఉంది. కొంగరకలాన్‌లో సొంత కలెక్టరేట్ వచ్చింది 2022లోనే.

ఇక వార్తల్లో వాడకం. డెస్కువాళ్లు మాకు మొదట నేర్పేది ఈ తేడానే. "మొవ్వ మండల కేంద్రంలో ధర్నా" అంటే మొవ్వ ఊళ్లో జరిగినట్టు. "మొవ్వ మండలంలో ధర్నా" అంటే ఆ మండలంలోని ఏ ఊళ్లోనైనా కావచ్చు, కాబట్టి ఊరి పేరు కూడా ఉండాలి. "మండల పరిధిలోని కూచిపూడిలో" అని రాస్తే కేంద్రం కాని ఊరని అర్థం. అందుకే విలేకరి "మండల కేంద్రం" అని రాశాడంటే చాలాసార్లు ఆ ఊరి పేరు మళ్లీ చెప్పడు. బయట పెరిగినవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే. పక్కన పేరు లేకపోతే, మండలం పేరే ఊరి పేరు అనుకుని చదువుకోండి, ఎక్కువ చోట్ల సరిపోతుంది. పెద్ద పట్టణాల చుట్టూ ఉండే "రూరల్" మండలాలకు మాత్రం ఈ సూత్రం పనికిరాదు. విజయవాడ రూరల్ అనే పేరుతో ఊరేమీ లేదు.

ఊళ్లో మాట్లాడేటప్పుడు ఎవరూ "మండల కేంద్రానికి వెళ్తున్నాను" అనరు. అది కాగితం భాష. "మొవ్వ వెళ్లొస్తా" అంటారు, లేదంటే "ఎమ్మార్వో ఆఫీసుకు", "మండలాఫీసుకు" అంటారు. బోర్డు మీద తహసీల్దార్ అని మార్చి చాలా ఏళ్లయినా జనం నోట్లో ఎమ్మార్వోనే. మండలాఫీసు అంటే సాధారణంగా ఎంపీడీవో ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి కాబట్టి చిన్నాచితకా పనులకు మండల కేంద్రం దాకా వెళ్లడం తగ్గింది. ఒకప్పుడు సచివాలయం అంటే మంత్రులుండే చోటు. ఇప్పుడు మా పెద్దమ్మ కూడా "సచివాలయం దాకా వెళ్లొస్తానురా" అని చెప్పులేసుకుంటోంది!

తాలూకా విషయానికి వస్తే, 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలను, వాటిలోని చిన్న రెవెన్యూ విభాగాలైన ఫిర్కాలను తీసేసి మండలాలను తెచ్చింది. వందల్లో ఉన్న తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. ఆఫీసు జనానికి దగ్గరగా ఉండాలన్నది ఉద్దేశం. అభివృద్ధి పనులు చూస్తూ 1959 నుంచి ఉన్న పంచాయతీ సమితులు కూడా తర్వాత పోయి మండల పరిషత్తులయ్యాయి. దాంతో రెవెన్యూ పనికీ, అభివృద్ధి పనికీ ఒకటే హద్దు వచ్చింది. నా ఉద్దేశంలో అసలు మేలు ఇదే. మీ దివి తాలూకాకు కేంద్రం అవనిగడ్డ. ఆ తాలూకా నుంచే అవనిగడ్డ, నాగాయలంక, చల్లపల్లి, ఘంటసాల, మొవ్వ లాంటి మండలాలు వచ్చాయి.

అందువల్ల పాత కాగితంలోని తాలూకా పేరును ఇప్పటి మండలంగా మార్చి రాసేయకండి. "గుడివాడ తాలూకా" అని ఉన్న ఊరు ఇప్పుడు నందివాడ మండలంలోనో గుడ్లవల్లేరు మండలంలోనో ఉండొచ్చు. పేరు కలిసినంత మాత్రాన గుడివాడ మండలం అయిపోదు. తెలంగాణలో అయితే మరీ జాగ్రత్త. 2016 దసరాకు జిల్లాలతో పాటు చాలా కొత్త మండలాలు ఏర్పడ్డాయి, ఆధార్‌లో పాతవే ఉండిపోయినవాళ్లు ఎంతోమంది.

ఫారంలో తాలూకా, తహసీల్, సబ్ డిస్ట్రిక్ట్, బ్లాక్, ఈ నాలుగింట్లో ఏది అడిగినా ఏపీ, తెలంగాణ వాళ్లు రాయాల్సింది మండలం పేరే. ఉపాధి హామీ వెబ్‌సైటులో కూడా బ్లాక్ అన్న చోట మన మండలాల పేర్లే కనిపిస్తాయి. మీరైతే మొవ్వ అని రాయండి. మండలం పేరు వదిలేయడం మాత్రం మంచిది కాదు, ఎందుకంటే ఒకే పేరుతో ఎన్నో ఊళ్లుంటాయి. ఘంటసాల మండలంలో శ్రీకాకుళం అనే ఊరుంది, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్నది అక్కడే. మండలం రాయకపోతే ఆ ఊరి ఉత్తరం ఉత్తరాంధ్రకు బయల్దేరినా ఆశ్చర్యం లేదు.

అనుమానంగా ఉంటే ఏపీలో భూమి రికార్డులుండే మీభూమి వెబ్‌సైటులో జిల్లా, మండలం ఎంచుకుని, గ్రామాల జాబితాలో మీ ఊరు ఉందో లేదో చూసుకోండి. నాన్నగారి సర్టిఫికెట్ గురించి టెన్షన్ పడకండి, అది ఇచ్చిన రోజుకు దివి తాలూకాయే సరైన చిరునామా.