ప్రచురిత ప్రస్తావనలను రికార్డులో ఎలా రాయాలి?

ప్రశ్న: మా పెద్దల నాటి తంజావూరు చిత్రాలకు కంప్యూటరులో రికార్డులు తయారు చేస్తున్నాము. వాటిలో రామపట్టాభిషేకం చిత్రం ఒక ప్రదర్శన కేటలాగులోనూ, రెండు వ్యాసాలలోనూ అచ్చయింది. ఈ వివరాలన్నీ ‘గమనిక’ గడిలో రాస్తే సరిపోతుందా? ఒక వ్యాసంలో చిత్రం కాలం తప్పుగా ఉంది, దానిని వదిలేయవచ్చా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, అన్నీ గమనికలో కలిపి రాస్తే, ఫలానా కేటలాగులో అచ్చయిన మీ చిత్రాలేవని రేపు ఎవరైనా అడిగినప్పుడు రికార్డులన్నీ ఒక్కొక్కటిగా చదవవలసి వస్తుంది. పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, ఎన్నవ కూర్పు అనే వివరాలను ఒక్కచోట ఒక్కసారే నమోదు చేసి, చిత్రం రికార్డును దానికి ముడివేసి, ఆ ముడి దగ్గర పుట సంఖ్య, ప్లేటు (గ్రంథంలో విడిగా అచ్చువేసిన బొమ్మల పుట) సంఖ్య, బొమ్మ అచ్చయిందా లేక మాటలలో ప్రస్తావన మాత్రమే ఉందా అన్నది రాయండి.

మీ ఊరి ఎగ్మూరు మ్యూజియంలోని అమరావతి శిల్పాలనే చూడండి. వాటిలో కొన్నింటిని 1887లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ తన గ్రంథంలో ప్రచురించగా, 1942లో కళాచరిత్రకారుడు సి. శివరామమూర్తి ఆ మ్యూజియంలోని అమరావతి శిల్పాలను తన పద్ధతిలో వర్గీకరించి సంఖ్యలు ఇచ్చారు. ‘ప్లేటు 20’ అని మాత్రమే రాసుకున్నవారు ఏ గ్రంథంలోని ప్లేటో తెలియక తికమకపడతారు. వాస్తుకళా చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ అమరావతి శిల్పాలను చర్చించిన గ్రంథానికి 1868లో ఒకటి, 1873లో మరొకటి కూర్పులు ఉన్నాయి కనుక, కూర్పు రాయడం కూడా తప్పనిసరి. పుస్తకాలు ఇచ్చిన సంఖ్యలను మీరు చిత్రానికి ఇచ్చిన సొంత సంఖ్య గడిలో ఎన్నడూ చేర్చకండి.

అన్నిటికంటే ముందు, అచ్చయిన బొమ్మ మీ చిత్రమేనా అని నిర్ధారించుకోవాలి. రామపట్టాభిషేకాన్ని తంజావూరు చిత్రకారులు ఇంచుమించు ఒకే అమరికలో మళ్లీ మళ్లీ వేశారు. అందుచేత కొలతలను, ఊడిపోయిన రాళ్లను, బంగారు రేకు చిట్లిన చోట్లను బొమ్మతో పోల్చండి. చట్రాన్ని మాత్రం నమ్మకండి, అది మధ్యలో మారి ఉండవచ్చు. సందేహం మిగిలితే ‘బహుశా’ అని రాసి, కారణం చేర్చండి.

తప్పు కాలం చెప్పిన వ్యాసాన్ని వదలవద్దు. అది చెప్పిన కాలాన్ని దాని మాటగానే నమోదు చేసి, మీ నిర్ణయాన్ని వేరే గడిలో, ఎవరు, ఎప్పుడు, దేనిని బట్టి నిర్ణయించారో తెలిసేలా రాయండి. ఆ తప్పును ఎత్తి రాసిన మరో వ్యాసం తరువాత కనబడితే, పొరపాటు ఎక్కడ మొదలైందో అప్పుడు మీ రికార్డే చూపుతుంది.

వ్యాసాల పుటలను స్కాన్ చేసి మీ దగ్గర ఉంచుకోండి; వాటిని అందరికీ కనబడేలా పెట్టాలంటే మాత్రం ముందుగా ప్రచురణకర్త అనుమతి అడగండి.