ఐసీయూ వదలలేని అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరాలా, క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ (ఐసీయూలో పేషెంట్‌ను పరీక్షించి, ఆస్పత్రి నియమాల మేరకు కొన్ని చికిత్సలు తనే మొదలుపెట్టగల నర్స్) కోర్సులో చేరాలా అని అడిగావు. పాఠాలు చెప్పే కోరిక ఉంటే ఎమ్మెస్సీ మంచిదే. కానీ నీ ఉత్తరం నిండా ఐసీయూలో నువ్వు చూసుకున్న పేషెంట్ల సంగతులే ఉన్నాయి. నీకు తగినది ఆ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సే, అంటే ఆస్పత్రిలో పనిచేస్తూ నేర్చుకునే రెండేళ్ల రెసిడెన్సీయే.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన ఈ కోర్సులో 20 శాతం పాఠాలు, 80 శాతం పేషెంట్ల దగ్గర పని. బీఎస్సీ నర్సింగ్ తర్వాత ఏడాది క్లినికల్ అనుభవం అడుగుతారు. నా మాట విని ఐసీయూలోనే రెండేళ్లు చేసి వెళ్లు. వెంటిలేటర్ అలారం ఎందుకు మోగిందో చెవికి తెలిశాక పాఠం తేలికగా ఎక్కుతుంది.

అక్కడ పాథోఫిజియాలజీ (రోగం ఒంట్లో ఏం చేస్తుందో), ఫార్మకాలజీ (మందులు ఎలా పనిచేస్తాయో), శారీరక పరీక్ష మూడూ లోతుగా చెబుతారు. ఇవి వేర్వేరు పుస్తకాలని అనుకోకు. రక్తంలో పొటాషియం 6.8, అంటే ప్రమాదకరంగా ఎక్కువ, అని ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చిందనుకో. ముందు మానిటర్‌లో గుండె గీతలోని టీ వేవ్ అనే అల మొనదేలిందేమో చూడాలి. శాంపిల్‌లో రక్తకణాలు పగిలి అంకె పెరిగిందేమో ఆలోచించాలి. ఒక చెయ్యి ఈసీజీ తీస్తుంటే ఇంకో చెయ్యి గుండెను కాపాడే కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ సిద్ధం చేయాలి. డాక్టరుకు ఫోన్ చేసేటప్పటికి నీ దగ్గర అంకె ఒక్కటే కాదు, అర్థం కూడా ఉండాలి.

కాలేజీ ఎంపికలో మాత్రం తొందరపడకు తల్లీ. నాకు తెలిసిన ఒక అమ్మాయిని రెండేళ్లూ నైట్ డ్యూటీల ఖాళీలు నింపడానికే వాడుకున్నారు. లాగ్ బుక్‌లో సంతకాలన్నీ ఉన్నాయి, పక్కన నిలబడి నేర్పినవాళ్లే లేరు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అందుకే భవనం చూసి మురిసిపోకు. సీనియర్లను పక్కకు పిలిచి అడుగు: బ్లడ్ గ్యాస్ రిపోర్టును (రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో చూపేది) మీతో కూర్చుని చివరిసారి చదివించింది ఎవరు, ఎప్పుడు? ఠక్కున జవాబు రాకపోతే అక్కడ చేరవద్దు.

ఉద్యోగం దగ్గరా అంతే. ఏ మందులు నీ అంతట నువ్వు మొదలుపెట్టవచ్చో ఆ ఆస్పత్రి ప్రోటోకాల్ రాతపూర్వకంగా చూపించమను. నియామక పత్రంలో నర్స్ ప్రాక్టీషనర్ అనే హోదా ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టు.

కాలేజీ చూడటానికి ఎప్పుడు వెళ్తావో ముందే చెప్పు, నేనూ వస్తాను. రాత్రి ఎనిమిది దాటాక వెళ్దాం. ఐసీయూలో ఎవరు నేర్పుతున్నారో ఆ వేళ తెలిసిపోతుంది.

నీ పెద్దమ్మ