నాలుగంగుళాల చెక్క నాలుగంగుళాలు ఉండదు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, హెచ్‌1బీ మీద డాలస్ వచ్చి ఏడు నెలలైంది. పక్కింటి తాతగారు గ్యారేజీలో కూర్చుని తన తూటాలు తనే రీలోడ్ చేసుకుంటాడు, అంటే పేలిన తూటాల ఇత్తడి గుల్లల్లో మళ్ళీ తుపాకీ మందు నింపుకుంటాడు. నా కారు బ్యాటరీ రెండుసార్లు చచ్చిపోతే ఆయనే కేబుల్స్ తెచ్చి స్టార్ట్ చేశాడు. మొన్న ఆ గుల్లలు నిలబెట్టుకునే ఆయన ప్లాస్టిక్ ట్రే విరిగింది. పనికిరాని చెక్కతో ఒకటి చేసి ఇద్దామనుకుంటున్నాను. డ్రిల్లు, రంపం ఏ కంపెనీవి కొనమంటావు?

జవాబు: ఏవీ కొనకు. ముందు ఆ షాపింగ్ కార్ట్ ఖాళీ చేసి వచ్చి మిగతాది చదువు.

2009లో నాదీ ఇదే కథ. ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద కూర్చున్నాను. జీతం ఆగింది, అద్దె ఆగలేదు. మా ఇంటి ఓనరు ముసలాయన, జింకల వేటంటే ప్రాణం. మూడు వారాలు ఆలస్యమైనా లేట్ ఫీజు అడగలేదు. మనకేమో ఊరికే ఒకరి మేలు పొందితే నిద్ర పట్టదాయె. ఆయన రీలోడింగ్ బల్ల మీద ట్రే అంచు పగిలి ఉండటం చూసి, చెక్కతో చేసిస్తానన్నాను. ఊళ్ళో గడప ఊడిపోతే వడ్రంగికి కబురు పెట్టడం తప్ప సుత్తి పట్టి ఎరగను.

అలాంటి ట్రే దుకాణంలో పది డాలర్లుంటుంది. నా ఖర్చు విను. డ్రిల్లు అరవై, బిట్ల సెట్టు పాతిక, రంపం పదిహేను, క్లాంపులు ఇరవై, ఉప్పుకాగితం, నూనె కలిపి పన్నెండు. మొత్తం 132. అప్పుడు డాలరు 48 రూపాయలు. ఆరువేల మూడొందల పైచిలుకు! ఇక్కడికొచ్చాక రూపాయల్లో లెక్క వెయ్యొద్దని అందరూ నీకు చెప్తారు. నేను మాత్రం వెయ్యమంటాను. పదహారేళ్ళుగా వేస్తూనే ఉన్నాను, నా ఇల్లు అప్పు లేకుండా ఉంది.

ఒక ముఖ్యమైన సంగతి చెప్పి పనిలోకి వెళ్దాం. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టంలో నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి లాయరుని అడుగు. చాలామందికి తెలియనిదేమిటంటే ఆ చట్టం దృష్టిలో ఖాళీ ఇత్తడి గుల్ల కూడా తూటా కిందే లెక్క. కాబట్టి సైజు చూసుకోవడానికని ఒక గుల్ల జేబులో వేసుకుని ఇంటికి రాకు. చెక్క ముక్కకి వీసాతో పని లేదు, అది నువ్వు నిశ్చింతగా చేసుకోవచ్చు.

ఇంతకీ ఆ ట్రే దేనికో తెలిస్తేనే పని కుదురుతుంది. పేలిపోయిన తూటాలో ఇత్తడి గుల్ల మిగులుతుంది, దాన్నే మళ్ళీ వాడతారు. యాభై గుల్లల్ని మూతి పైకి పెట్టి వరసగా నిలబెడతారు. తుపాకీ మందు పోశాక టార్చి వేసి అన్ని మూతుల్లోకీ ఒకసారి చూస్తారు. ఒకదాంట్లో రెండుసార్లు పడినా, అసలు పడకపోయినా అక్కడే దొరికిపోవాలి. అక్కడ దొరక్కపోతే తుపాకీ పగలొచ్చు, చేతులు పోవచ్చు. గుల్ల వంకరగా నిలబడే ట్రే చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా పొయ్యిలోకే.

నా మొదటి ట్రే అలా పొయ్యిలోకి పోయిందే. నాకు ఒక టూ బై ఫోర్ ముక్క దొరికింది. పేరులోనే ఉంది కదా, రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు అనుకున్నాను. ఓనరువి .308 రకం రైఫిల్ గుల్లలు, గుల్ల అడుగుభాగం వెడల్పు 0.473 అంగుళం, అంటే 12 మిల్లీమీటర్లు. అరంగుళం గుంత సరిపోతుంది. గుంత మధ్య నుంచి గుంత మధ్యకి ముప్పావు అంగుళం. ఐదు వరసలకి మూడున్నర అంగుళాలు పోగా, అటూ ఇటూ పావు అంగుళం చొప్పున గట్టు మిగలాలి. ఎక్సెల్‌లో వేశాను మరి, తప్పెలా వస్తుంది?

ఒక అంచు నుంచి కొలుచుకుంటూ వరస తర్వాత వరస తవ్వాను. నాలుగు వరసలు, నలభై గుంతలు, అరచేతిలో బొబ్బ. ఐదో వరసకి స్కేలు పెట్టి గీత గీయబోతే పెన్సిలు చెక్క అంచు మీద నుంచి జారి కిందపడింది. మళ్ళీ కొలిచాను. అదే అంచు. అప్పుడు చెక్కనే కొలిచాను. మూడున్నర! మందం ఒకటిన్నర. ఆ పేరు మిల్లులో పచ్చి దుంగ కోసినప్పటి కొలతట. ఆరబెట్టి, చిత్రిక పట్టాక తగ్గిపోతుంది, పేరు మాత్రం అలాగే ఉంటుంది. టూ బై సిక్స్ కూడా అంతే, ఐదున్నరే ఉంటుంది. ఇక్కడ పుట్టినవాడికి ఇది తల్లిపాలతో వచ్చిన తెలివి. మనకి 132 డాలర్లతో వస్తుంది.

నలభై గుంతలైనా చాలన్నాడు ఓనరు. పాపం, మంచివాడు. కానీ గుల్లలు పెడితే ముసలివాళ్ళ పళ్ళలా ఒక్కోటి ఒక్కో వైపు. మామూలు డ్రిల్లు బిట్ కొన శంకులా ఉంటుంది, గుంత అడుగూ అలాగే వస్తుంది, గుల్ల కుదురుగా కూర్చోదు. పైగా చేత్తో పట్టిన డ్రిల్లు నాలుగో గుంతకే ఒరిగిపోతుంది. కావాల్సింది చదునైన అడుగు తీసే ఫోర్స్ట్‌నర్ బిట్, నిలువుగా దిగడానికి డ్రిల్ ప్రెస్. సెట్టు అక్కర్లేదు, అరంగుళం బిట్ ఒక్కటి చాలు. లోతు ముప్పావు అంగుళం. బిట్‌కి ఆ కొలత దగ్గర టేపు చుట్టుకుంటే తెలిసిపోతుంది. అది .308 లాంటి పొడవు గుల్లలకి. 9 ఎంఎం పిస్తోలు గుల్ల మొత్తం పొడవే ముప్పావు అంగుళం, దానికి అంత లోతు తీస్తే నిండా మునిగిపోతుంది.

చెక్క దగ్గరా దెబ్బతిన్నాను. కొత్తగా ఇళ్ళు కట్టేచోట డంప్‌స్టర్‌లో, అంటే పెద్ద చెత్తపెట్టెలో, ముక్కలు కనిపిస్తే, పారేసినవే కదా అని చెయ్యి పెట్టాను. మేస్త్రీ లాంటి ఆయన అరిచిన అరుపుకి ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్ళను. అడిగితే ఆయనే ఇచ్చేవాడేమో. నువ్వు అడుగు. పేదలకి ఇళ్ళు కట్టించే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ వాళ్ళ పాత సామాన్ల దుకాణాల్లో, అంటే రీస్టోర్లలో, పాత చెక్క చవగ్గా దొరుకుతుంది. పుచ్చకుండా మందు పట్టించి ఆకుపచ్చగా ఉన్న చెక్క వద్దు, అందులో రాగి రసాయనాలుంటాయి, పొట్టు పీల్చకూడదు. ఓక్ కూడా వద్దు, దాని ఆమ్లానికి లోహం నల్లబడుతుంది. ప్యాలెట్ (సరుకు కింద పెట్టే చెక్క చట్రం) చెక్కయితే హెచ్‌టీ ముద్ర చూడు, అంటే వేడి పట్టించిందని. ఎంబీ ఉంటే ముట్టుకోకు, అది పురుగుమందు వాయువు పట్టించింది. పైన్ ముక్క దొరికితే ఇంకేం వెతక్కు.

నూనె సంగతి కూడా చెప్పాలి. మెరుపు కోసం అవిసె నూనె రాసి, ఆ గుడ్డలు ఉండచుట్టి గ్యారేజీ మూల పడేశాను. సాయంత్రం ఓనరు కాలితో కదిపి చూసి, మాట్లాడకుండా తీసుకెళ్ళి నీళ్ళ బకెట్లో ముంచాడు. చెయ్యి పెట్టి చూస్తే గుడ్డ వెచ్చగా ఉంది. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండచుట్టిన గుడ్డ తనంతట తనే అంటుకుంటుంది. పది డాలర్ల ట్రే కోసం ఇల్లు తగలబెట్టేవాణ్ణి, అదీ అద్దె బాకీ ఉన్న ఇల్లు! నువ్వసలు నూనే రాయకు. ఉప్పుకాగితం పెన్సిలుకి చుట్టి గుంతల అంచులు నున్నగా చెయ్యి, చాలు.

నీకు యాభై కావాలంటే టూ బై ఫోర్‌లోనే వస్తాయి. పదకొండంగుళాల ముక్క తీసుకో. వెడల్పులో నాలుగు, పొడవులో పదమూడు, మొత్తం 52. గట్టు కూడా బలంగా ఉంటుంది. గీతలు మీ ఇంట్లోనే గీసుకుని, చెక్క పట్టుకుని తాతగారి గ్యారేజీకే వెళ్ళు. రీలోడింగ్ చేసేవాడి దగ్గర డ్రిల్ ప్రెస్ ఉండొచ్చు. గుల్ల సరిపోయిందో లేదో ఆయన చేత్తో ఆయనే పెట్టి చూసుకుంటాడు. బహుమతి ఆశ్చర్యంగా ఇవ్వాలనే సరదా ఉంటే మానుకో, ఆ సరదా ఖరీదు పైన రాశాను.

ఆయనవి ఏ సైజు గుల్లలో కనుక్కుని రాయి. .308, .30-06, .45 ఏసీపీ అయితే అరంగుళమే, నా బిట్ పంపిస్తాను. పోస్టు ఖర్చు నాదే. తిరిగి పంపేది మాత్రం నువ్వే పెట్టుకోవాలి, అదీ నెల లోపు.