అమెరికా ఎకనామిక్స్ కోర్సు: ఖర్చు ఎంత, క్లాసులో ఎవరు?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయి బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ చదివాడు. అమెరికాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎంఏ ఎకనామిక్స్ సీటు వచ్చింది. వారి వెబ్‌సైటులో ఏషియన్ విద్యార్థుల శాతం ఎక్కువగా ఉంది కాబట్టి మనవాళ్లకు లోటుండదని అంటున్నాడు. తెనాలి దగ్గరున్న ఎకరం అమ్మి పంపవచ్చా?

జవాబు: ముందు ఆ శాతం సంగతి చూద్దాం. అమెరికా విశ్వవిద్యాలయాలు అక్కడి ప్రభుత్వానికి సమర్పించే లెక్కల్లో ‘ఏషియన్’ వరుసలోకి వచ్చేది ఆ దేశ పౌరులు, గ్రీన్‌కార్డు పొందినవారి వంటివారే. మీ అబ్బాయిలాగా ఎఫ్-1 (విద్యార్థి) వీసాపై వెళ్లేవారిని, ఏ దేశం నుంచి వచ్చినా, ‘నాన్‌రెసిడెంట్’ అనే వేరే వరుసలో చూపిస్తారు. పైగా అది సాధారణంగా విశ్వవిద్యాలయం మొత్తానికి వేసిన లెక్క. ఎంఏ క్లాసులో ఎందరున్నారో, వారిలో విదేశీయులెందరో, చదువు ముగిశాక వారెక్కడ చేరారో డిపార్ట్‌మెంటునే అడగాలి.

ఇక ఖర్చు. ప్రభుత్వ విశ్వవిద్యాలయమే అయినా ఆ రాష్ట్రవాసులకుండే తక్కువ ఫీజు మీకు వర్తించదు. విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రం వచ్చినప్పుడు, అందులోని ఖర్చు అంచనా ఎన్ని నెలలకు వేశారో తప్పక చూడండి. 9 నెలలకని ఉంటే వేసవి అద్దె, తిండి ఖర్చు అందులో చేరనట్టే, రెండో ఏడాది ఫీజు అసలే చేరనట్టే. అదే పత్రంలో కోర్సు పేరు పక్కన ఒక కోడ్ ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులు దాన్ని గమనించరు కానీ, నా దృష్టిలో మీ ఎకరం భవితవ్యం దానిపైనే ఆధారపడి ఉంది. 45.0603 అంటే ఎకనామెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంది కాబట్టి, చదువయ్యాక 12 నెలల ఓపీటీకి (చదివిన రంగంలో అక్కడ పనిచేసేందుకు ఇచ్చే తాత్కాలిక అనుమతికి) తోడు, నిబంధనలకు లోబడి మరో 24 నెలలు పనిచేసే వీలుంటుంది. 45.0601, అంటే సాధారణ ఎకనామిక్స్ అయితే, ఆ 12 నెలలతో సరి. అంత తక్కువ కాలంలో పెట్టుబడి తిరిగి రాబట్టడం చాలా కష్టం.

రెండో కోడే అయితే నేను పొలం అమ్మమనను. పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాసి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనో, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనో తక్కువ ఫీజుతో ఎంఏ చేసి, ఆపైన అమెరికాలో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. అక్కడి మంచి పీహెచ్‌డీ కోర్సుల్లో సాధారణంగా ఫీజు మాఫీతో పాటు స్టైపెండ్ కూడా ఇస్తారు.

కోడ్ ఏమిటో, క్లాసు వివరాలేమిటో అడుగుతూ ఈ వారమే అబ్బాయి చేత డిపార్ట్‌మెంటుకు మెయిల్ పెట్టించండి. జవాబు వచ్చేవరకు పొలానికి బయానా తీసుకోకండి.