కోర్టు బయట కూర్చున్న పదకొండు మంది

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా కళాశాలల్లో వాలీబాల్ హెడ్ కోచ్ ఉద్యోగం గురించే ఉన్నాయి. నేను తొమ్మిదేళ్లు సహాయ కోచ్‌గా, ఆ తరువాత పదిహేడేళ్లు ఒక చిన్న కళాశాల మహిళల జట్టుకు హెడ్ కోచ్‌గా పనిచేసి విరమించాను. చేసిన పని గురించి అడిగారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతోంది. కళాశాల జట్టులో లిబరోగా, అంటే వెనుక వరుసలోనే ఉండి బంతి అందుకునే స్థానంలో ఆడుతుంది. చదువు అయ్యాక వాలీబాల్ కోచ్‌గా స్థిరపడతానంటోంది. అది బతుకుతెరువు అవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక తల్లి, టెక్సస్

జవాబు: అవుతుందమ్మా. ఈ దేశంలో మహిళల వాలీబాల్‌కు ఉన్న ఆదరణ మన వాళ్లలో చాలామందికి తెలియదు. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడించిన వాలీబాల్ మ్యాచ్‌ను 92,003 మంది చూశారు. అంత ఆదరణ ఉన్న చోట కోచ్‌కు మంచి జీతమే ఉంటుంది. చిన్న కళాశాలలో మాత్రం జీతం మామూలుగా ఉంటుంది, పని ఏమీ తగ్గదు.

దారి సాధారణంగా ఇలా ఉంటుంది. పీజీ చదువుతూ ఆ విశ్వవిద్యాలయం జట్టుకే సహాయంగా ఉండడం తొలి మెట్టు. తరువాత సహాయ కోచ్, ఆపైన అసోసియేట్ హెడ్ కోచ్, చివరికి హెడ్ కోచ్. నా రోజుల్లో వీటన్నిటికీ ముందు ఇంకో మెట్టు ఉండేది. జీతం తీసుకునే సహాయకుల సంఖ్యకు, కళాశాల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పరిమితి పెట్టడంతో, వాళ్లకు తోడు ఒక వలంటీర్ కోచ్ ఉండేవాడు. మూడేళ్లు నేను ఆ వలంటీర్‌ని. పగలు బడిలో లెక్కలు చెప్పి, సాయంత్రం జిమ్‌కు వెళ్లి బల్ల మీద నిలబడి, నెట్ దగ్గర చేతులెత్తి బ్లాక్ చేసే, అంటే బంతిని అడ్డుకునే అమ్మాయిల మీదికి వందల బంతులు కొట్టేవాణ్ని. వేసవి శిక్షణ శిబిరాల్లో వచ్చే కొద్ది డబ్బే ఆదాయం. ఇంట్లో ఆసరా ఉన్నవాళ్లే ఆ మెట్టు ఎక్కగలిగేవారు, లేనివాళ్లు ఎంత ప్రతిభ ఉన్నా మానేసేవారు. అది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఎన్‌సీఏఏ కళాశాలలను మూడు డివిజన్లుగా విభజిస్తుంది, మొదటిది అన్నిటికంటే పై స్థాయి. 2023 జులై నుంచి ఆ మొదటి డివిజన్‌లో జీతం లేని హోదా రద్దయింది. మీ అమ్మాయి మంచి సమయంలో వస్తోంది.

ఇక పని సంగతి. సీజన్ ఆగస్టు చివర మొదలై, గెలుస్తూ పోతే డిసెంబరు దాకా సాగుతుంది. ఆటగాళ్లతో సాధన చేయించడానికి మొదటి డివిజన్‌లో వారానికి ఇరవై గంటలకు మించి వీల్లేదు, వారంలో ఒకరోజు పూర్తి సెలవు ఇవ్వాలి. కోచ్ గంటలకు మాత్రం లెక్క లేదు. ప్రత్యర్థి వీడియో చూడాలి, బస్సు మాట్లాడాలి, బస చూడాలి, ఒక అమ్మాయి పరీక్ష మ్యాచ్ రోజునే పడితే ప్రొఫెసర్‌ను బతిమాలాలి. సీజన్ అయిపోగానే హైస్కూలు పిల్లలు ఆడే క్లబ్ టోర్నమెంట్లు మొదలవుతాయి. ఒకే పెద్ద హాల్లో పదుల కోర్టులు, అన్నిటి మీదా ఒకేసారి ఈలలు. మడత కుర్చీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చుని, రాబోయే సంవత్సరాలకు కావలసిన పిల్లలను ఎంచుకోవాలి. నేను పనిచేసిన మూడో డివిజన్‌లో క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు కాబట్టి, ఆ పిల్లలను చదువు పేరు చెప్పి, జట్టు వాతావరణం చూపించి ఒప్పించాలి. నా పనిలో సగానికి పైగా ఇదే.

మీ అమ్మాయి లిబరో అన్నారు. ఎదుటి హిట్టర్ భుజం ఎటు తిరుగుతోందో చూసి బంతి పడే చోటికి ముందే చేరుకోవడం లిబరో పని. ఆ చూపు అలవడిన పిల్లలు మంచి కోచ్‌లు కావడం నేను చాలాసార్లు చూశాను. ఒక్కటి చెప్పండి. ఏ కోచ్ దగ్గర చేరాలనుకున్నా ముందు ఒకరోజు ఆ జట్టు సాధన చూడమనండి. ఆడుతున్నవాళ్లను కాదు, పక్కన నిలబడినవాళ్లను. నా జట్టులో ఏటా పద్దెనిమిది మంది ఉండేవారు. లిబరోతో కలిపి క్రమంగా ఆడేది ఏడుగురు. మిగతా పదకొండు మంది ముఖాలు చూస్తే ఆ కోచ్ ఎలాంటివాడో తెలిసిపోతుంది.

ప్రశ్న: ఆరేళ్లుగా సహాయ కోచ్‌ని. హెడ్ కోచ్ పదవికి నాలుగుసార్లు దరఖాస్తు చేశాను, ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోతున్నాను. ఇంకెంతకాలం ఆగాలి?
— ఒక సహాయ కోచ్, ఒహాయో

జవాబు: తమ్ముడూ, నేను తొమ్మిదేళ్లు ఆగాను, ఆ బాధ నాకు తెలుసు. ఆగిన ఏళ్లు ఎవరి దగ్గర గడిచాయన్నదే ముఖ్యమని నా నమ్మకం. నెబ్రాస్కా జట్టును 1977 నుంచి 1999 దాకా నడిపినవారు టెరీ పెటిట్. జాన్ కుక్ ఆయన దగ్గర సహాయకుడిగా ఉండి, విస్కాన్సిన్‌లో హెడ్ కోచ్‌గా ఏడేళ్లు పనిచేశారు. తరువాత 1999లో మళ్లీ పెటిట్ పక్కనే రెండో స్థానంలో చేరారు. హెడ్ కోచ్‌గా ఉన్న మనిషి ఒక మెట్టు దిగి రావడం గురించి ఆలోచించు. మరుసటి ఏడు జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ 2000 సీజన్‌లో ఆడిన 34 మ్యాచ్‌లూ గెలిచి జాతీయ విజేతలయ్యారు. ఆ కుక్ జట్టులోనే 2006లో విజేతగా నిలిచిన డానీ బుస్‌బూమ్ కెల్లీ తరువాత ఆయన దగ్గరే సహాయ కోచ్ అయింది. లూయీవిల్ విశ్వవిద్యాలయానికి హెడ్ కోచ్‌గా వెళ్లి ఆ జట్టును రెండుసార్లు జాతీయ ఫైనల్‌కు తీసుకువెళ్లింది. 2025లో కుక్ విరమించినప్పుడు ఆయన కుర్చీలోకి వచ్చింది ఆమే.

హెడ్ కోచ్ అయినవాళ్లకైనా ఎదురుచూపు తప్పదు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రస్ రోజ్ 1979లో మొదలుపెట్టారు. 1993లో, 1997లో, 1998లో ఫైనల్ దాకా వచ్చి ఓడారు. మొదటి టైటిల్ 1999లో వచ్చింది. ఆ తరువాత ఇంకో ఆరు. మధ్యలో వరుసగా 109 మ్యాచ్‌లు ఓటమి లేకుండా గెలిచారు. 2021 సీజన్ తరువాత విరమించేనాటికి ఆయన పేరిట 1,330 విజయాలున్నాయి.

నీ ఇంటర్వ్యూల గురించి ఒక మాట. ఎంపిక సంఘంలో ఉండే క్రీడా డైరెక్టర్‌కు నీ బ్లాకింగ్ పద్ధతి మీద ఆసక్తి ఉండదు. బడ్జెట్ నడపగలవా, తల్లిదండ్రుల ఫిర్యాదు వస్తే ఎలా మాట్లాడతావు, పిల్లలు డిగ్రీ పూర్తిచేస్తారా అని చూస్తాడు. నేను రెండుసార్లు ఆట గురించి గంట సేపు చెప్పి ఓడిపోయాను. మూడోసారి మా జట్టు మార్కుల పట్టిక తీసుకెళ్లాను.

ప్రశ్న: మ్యాచ్ జరుగుతుంటే కోచ్ చేతిలో ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది. అందులో ఏముంటుంది? టైమ్‌అవుట్‌లో ఏం చెబుతారు?
— ఒక విద్యార్థిని

జవాబు: ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఆ కాగితం మీద ఆరు రొటేషన్ల బొమ్మలుంటాయి. ఆటగాళ్లు గడియారం ముళ్లు తిరిగే దిశలో ఒక్కో స్థానం జరుగుతారు కాబట్టి, ఏ రెండు రొటేషన్లలోనూ నెట్ దగ్గర ఒకే ముగ్గురు ఉండరు. ప్రతి జట్టుకూ వాటిలో ఒకటి బలహీనంగా ఉంటుంది, సాధారణంగా సెట్టర్, అంటే కొట్టేవాళ్లకు బంతి ఎత్తి ఇచ్చే అమ్మాయి, ముందు వరుసలో ఉండి కొట్టేవాళ్లు ఇద్దరే మిగిలినప్పుడు. ఎదుటివాళ్లది ఏదో పట్టుకోవాలి, మనది దాచుకోవాలి.

రెండోది సర్వీసు అందుకునే లెక్క. ప్రతి పాసుకూ మూడు నుంచి సున్నా దాకా మార్కు వేస్తాం. సెట్టర్ కదలకుండా నిలబడ్డ చోటే బంతి చేతికి అందితే మూడు, ఏ హిట్టర్‌కైనా ఎత్తగలదు. సెట్టర్ పరుగెత్తి ఇద్దరిలో ఒకరికి ఎత్తాల్సి వస్తే రెండు. ఎలాగో ఎత్తి అవతలికి పంపితే చాలనిపిస్తే ఒకటి. బంతి నేల తాకితే సున్నా. జట్టు సగటు రెండు దాటితే నాకు ఊపిరి ఆడేది.

మూడోది కొట్టేవాళ్ల సామర్థ్యం. ఒక అమ్మాయి 32 సార్లు కొట్టి 12 పాయింట్లు తెచ్చి, నాలుగు తప్పులు చేసిందనుకో. పన్నెండులోంచి నాలుగు తీసేసి 32తో భాగిస్తే 0.250. ఇంకో అమ్మాయి 40 సార్లు కొట్టి 15 తెచ్చి, తొమ్మిది తప్పులు చేసింది. ఆమెది 0.150. ప్రేక్షకులు రెండో అమ్మాయికే చప్పట్లు కొడతారు. సెట్టర్ మాత్రం బంతి మొదటి అమ్మాయికి ఎత్తాలి.

ఈ లెక్కలకు ఇంత విలువ ఎందుకంటే, పాత పద్ధతిలో సర్వీసు చేసిన జట్టుకే పాయింటు వచ్చేది. కళాశాల మహిళల ఆటలో 2001 నుంచి ప్రతి ర్యాలీకీ పాయింటే. నాలుగు పాసులు వరుసగా చెడితే 25 పాయింట్ల సెట్‌లో నాలుగు పోయినట్టే. మరుసటి ఏడు లిబరో అనే స్థానం రావడంతో పాసు ఇంకా ముఖ్యమైంది.

టైమ్‌అవుట్లు సెట్‌కు రెండే. నేను ఒకే ఒక్క విషయం చెప్పేవాణ్ని. "వాళ్లు ఐదో స్థానంలోకి సర్వీసు వేస్తున్నారు, ఒక అడుగు ఎడమకు జరగండి." ఐదో స్థానమంటే వెనుక వరుసలో ఎడమ వైపు. అంతే. మిగతా సమయం నీళ్లు తాగనివ్వాలి.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పన్నెండు విశ్వవిద్యాలయాల కోచ్‌లకు ఉత్తరాలు రాసింది, ఒక్కరూ జవాబివ్వలేదు. ఆమె ఆట బాగోలేదనా?
— ఒక తండ్రి, న్యూజెర్సీ

జవాబు: కానే కాదండీ. మొదటి డివిజన్ వాలీబాల్ కోచ్‌లు పదో తరగతి పూర్తయ్యాక వచ్చే జూన్ 15 దాకా పిల్లలతో చేరికల సంగతి మాట్లాడకూడదు, జవాబు రాయకూడదు. చదవడానికి అభ్యంతరం లేదు, చదువుతారు కూడా. మూడు నిమిషాల వీడియో, ఎత్తు, ఆడే స్థానం, మార్కులు, రాబోయే టోర్నమెంటులో కోర్టు నంబరు, సమయం రాసి పంపమనండి. వీడియోలో తప్పు చేసిన వెంటనే తరువాతి బంతికి ఎలా సిద్ధమైందో కూడా ఉంచండి. నేను ముందు అదే చూసేవాణ్ని.

ప్రశ్న: ఆడేది అమ్మాయిలైతే హెడ్ కోచ్‌లు అంతమంది మగవాళ్లెందుకు?
— ఒక పాఠకురాలు

జవాబు: మగవాడిగా ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి సూటిగానే చెబుతాను. విద్యాసంస్థల్లో ఆడా మగా వివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం 1972లో రాకముందు మహిళల జట్లకు ఎక్కువగా మహిళలే కోచ్‌లు. చట్టం వల్ల డబ్బు, హోదా వచ్చాక ఆ పదవులు మగవాళ్లకూ ఆకర్షణీయమయ్యాయి, నియమించేవాళ్లు కూడా ఎక్కువగా మగవాళ్లే. పైగా పొద్దస్తమానం ప్రయాణాలుండే ఈ పనిలో చిన్నపిల్లల తల్లికి ఆసరా ఇవ్వాలన్న ఆలోచన కళాశాలలకు చాలా ఆలస్యంగా వచ్చింది. నా దగ్గరి ఇద్దరు మంచి సహాయ కోచ్‌లు ఈ కారణంతోనే మానేశారు.

1981లో మొదలైన ఎన్‌సీఏఏ మహిళల మొదటి డివిజన్ పోటీల్లో 2023 దాకా మహిళా హెడ్ కోచ్ ఒక్కసారి కూడా టైటిల్ గెలవలేదు. ఫ్లోరిడాలో మూడు దశాబ్దాలకు పైగా జట్టును నడిపిన మేరీ వైజ్ 2003లో, 2017లో ఫైనల్లో ఓడారు. 2024 డిసెంబరు ఫైనల్లో రెండు జట్లకూ మహిళలే కోచ్‌లు. లూయీవిల్ పక్క బుస్‌బూమ్ కెల్లీ, పెన్ స్టేట్ పక్క కేటీ షూమేకర్-కాలీ. పెన్ స్టేట్ గెలిచింది. రస్ రోజ్ 1999లో మొదటి టైటిల్ గెలిచిన జట్టులో ఆడిన అమ్మాయే కేటీ. ఆయన తరువాత ఆ బాధ్యత తీసుకుంది. ఆ సీజన్ అంతా రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటూనే కోర్టు పక్కన నిలబడింది. సెమీఫైనల్లో నెబ్రాస్కా మీద రెండు సెట్లు ఓడి, వరుసగా మూడు గెలిచారు. ఆ రాత్రి నేను నా పాత సహాయకురాళ్లిద్దరికీ ఫోను చేశాను.

ప్రశ్న: ఇన్నేళ్ల ఉద్యోగంలో మీరు బాధపడే నిర్ణయం ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు

జవాబు: ఉంది. హెడ్ కోచ్‌గా నా రెండో ఏడు. మూడో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి వెనుక వరుసలో ఆడేది. కొత్తగా వచ్చిన అమ్మాయి ఆమెకంటే బాగా పాసు చేస్తోందని స్థానం మార్చాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ప్రయాణం చేయబోయే జట్టు జాబితా రాసి జిమ్ తలుపుకు అంటించాను. ఆమె పేరు లేదు. సాధనకు వచ్చి అది చదివింది. లోపలికి వచ్చి, రోజూలాగే నెట్ స్తంభాలు బిగించింది, రెండు గంటలు బంతులు ఏరి అందించింది, వెళ్లిపోయింది. మరుసటి ఏడు జట్టులో చేరలేదు. ఎదుటి బ్లాకర్లు ఎటు జరుగుతున్నారో బెంచీ మీద నుంచి మా సెట్టర్‌కు చెబుతూ వచ్చింది ఆమేనని, ఆమె వెళ్లాక సెట్టర్ చెబితే తెలిసింది.

అప్పటినుంచి విరమించేదాకా సోమవారాలు ఆడని పదకొండు మందికి కేటాయించాను. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. ఏ లెక్కలో వెనకబడ్డారో, ఏం చేస్తే ఆడించగలనో, ఆడించలేకపోతే అది కూడా, వాళ్ల ముఖం చూసి చెప్పేవాణ్ని.

పదేళ్లు దాటాక ఆ అమ్మాయి నాకు ఉత్తరం రాసింది. తను ఇప్పుడు ఒక హైస్కూలు జట్టుకు కోచ్ అట. జట్టులోకి తీసుకోని పిల్లలకు ఆ మాట ఎలా చెప్పాలి, మీరు ఎలా చెప్పేవారు అని అడిగింది. ముందు క్షమాపణ రాశాను. తరువాత, ఆ రోజు ఆమెకు చెప్పి ఉండవలసిన మాటలు రాశాను: "అమ్మా, నీ పాసు సగటు 1.8, ఆమెది 2.2. అందుకే ఈ వారం ఆమెను తీసుకెళ్తున్నాను. సర్వీసులో నువ్వే మేలు, సీజన్‌లో దానికోసం నిన్ను పిలుస్తాను. ఈ సంగతి నీకు నేనే చెప్పాలని ముందుగా రమ్మన్నాను, ఏమైనా అడగాలనుంటే అడుగు."