పాఠకుల ప్రశ్నలకు జవాబులు: నిర్లక్ష్యానికి గురైన వ్యాధులపై యువత ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

ఏటా జనవరి 30న ప్రపంచ నిర్లక్షిత ఉష్ణమండల వ్యాధుల దినం జరుపుకుంటారు. ఈ వ్యాధుల గురించి ప్రచారం చేస్తున్న, చేయాలనుకుంటున్న యువతీయువకులను తమ సందేహాలు రాయమని గత సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి ఉపయోగపడేవి ఎంచి, ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా విద్యార్థి సంఘం తరఫున జనవరి 30న ర్యాలీ, పోస్టర్ల పోటీ పెట్టాలనుకున్నాం. తీరా చూస్తే జాబితాలో ఇరవైకి పైగా వ్యాధులున్నాయి. వీటన్నిటినీ ఒకే పేరు కింద ఎందుకు చేర్చారు? మేము ఎక్కడ మొదలుపెట్టాలి?
— డిగ్రీ విద్యార్థిని

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఇప్పుడు 21 వ్యాధులు, వ్యాధి సమూహాలు ఉన్నాయి. బోదకాలు, కుష్ఠు, రేబిస్, డెంగీ, కాలా అజార్ (నల్ల జ్వరం), ట్రకోమా (చూపు పోగొట్టగల కంటి వ్యాధి), గజ్జి, నులిపురుగులు వాటిలో కొన్ని. పాముకాటును కూడా 2017లో ఇందులో చేర్చారు. కొన్నిటికి కారణం వైరస్‌లు, కొన్నిటికి బ్యాక్టీరియా, మరికొన్నిటికి పురుగులు, శిలీంధ్రాలు. వైద్యశాస్త్రపరంగా వీటి మధ్య పోలిక తక్కువే. వీటన్నిటినీ కలిపేది రోగుల జీవన పరిస్థితులు. సురక్షితమైన నీరు, మరుగుదొడ్డి, గట్టి ఇల్లు, దగ్గర్లో వైద్యం లేని పేదలనే ఇవి ఎక్కువగా పట్టి పీడిస్తాయి. ప్రపంచంలో వంద కోట్లకు పైగా జనం వీటి బారిన పడి ఉన్నారు. అయినా, వీటిలో చాలా వ్యాధులు ఒక్కసారిగా ప్రాణం తీయకుండా ఏళ్ల తరబడి మనిషిని వైకల్యంతోనూ అవమానంతోనూ బతికిస్తాయి కాబట్టి వార్తల్లోకి ఎక్కవు. మందులు కొనే స్తోమత రోగులకు ఉండదు కాబట్టి కొత్త మందుల పరిశోధనకు పెట్టుబడులూ రావు.

2012 జనవరి 30న లండన్‌లో ప్రభుత్వాలు, మందుల కంపెనీలు, దాతృత్వ సంస్థలు కలిసి ఈ వ్యాధులపై ఉమ్మడి ప్రకటన చేశాయి. ఆ తేదీనే 2020 నుంచి దినోత్సవంగా జరుపుతున్నారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ దాన్ని అధికారికంగా గుర్తించింది.

ఇక మీ కార్యక్రమం సంగతి. ఇరవై ఒక్క వ్యాధుల పేర్లూ ఒకే పోస్టరు మీద రాస్తే చదివినవారికి ఒక్కటీ గుర్తుండదు. మీ ప్రాంతంలో నిజంగా ఉన్న వ్యాధులేవో ముందు స్థానిక ఆరోగ్య కార్యకర్తలను అడిగి తెలుసుకుని, వాటిలో ఒకటి, మహా అయితే రెండు ఎంచుకోండి. ఆ వ్యాధి ఎలా వస్తుంది, వస్తే మొట్టమొదట ఏం చేయాలి, ఎక్కడికి వెళ్లాలి అన్న మూడు విషయాలకు జవాబు లేని పోస్టరును బహుమతికి పరిగణించకండి. ఉదాహరణకు రేబిస్‌నే తీసుకుందాం. ‘రేబిస్‌ను తరిమికొడదాం’ అన్న నినాదం విని ఎవరూ ఏమీ చేయలేరు. ‘కుక్క కరిస్తే వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి’ అన్న మాట ప్రాణం నిలుపుతుంది. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతికి బయటపడడం దాదాపు అసాధ్యం. ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో చనిపోతున్నారని అంచనా. వారిలో ప్రతి పదిమందిలో నలుగురు 15 ఏళ్ల లోపు పిల్లలు. పెద్దలు తిడతారన్న భయంతో కాటును దాచిపెట్టే పిల్లలు చాలామంది ఉంటారు. కాబట్టి బడిపిల్లల ముందు మాట్లాడేటప్పుడు ‘ఇంట్లో చెప్పండి, ఎవరూ తిట్టరు’ అనీ, పెద్దల ముందు మాట్లాడేటప్పుడు ‘పిల్లలు చెబితే తిట్టకండి’ అనీ రెండు వైపులా చెప్పాలి. ఇంత స్పష్టమైన విషయం చేతిలో ఉంటే ర్యాలీ కూడా సార్థకమవుతుంది.

ప్రశ్న: బోదకాలు నివారణ మాత్రల పంపిణీలో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాం. ‘నాకు జబ్బు లేదు, మాత్ర ఎందుకు?’ అని చాలామంది తిరస్కరిస్తున్నారు. మాత్ర వేసుకున్నవారికి జ్వరం వచ్చిందని ఫోన్లలో వీడియోలు కూడా తిరుగుతున్నాయి. వారికి ఎలా నచ్చజెప్పాలి?
— నర్సింగ్ విద్యార్థి

జవాబు: వారు అడిగేది న్యాయమైన ప్రశ్న. దానికి విసుక్కోకుండా పూర్తి సమాధానం ఇవ్వాలి. జబ్బు లేదని తెలిసిన మనిషిని మందు మింగమంటున్నాం. కారణం చెప్పాల్సిన బాధ్యత మనదే.

వ్యాధి ఉన్న ప్రాంతాల్లో దోమకాటు ద్వారా శరీరంలోకి చేరిన పురుగులు శోషరస నాళాల్లో పెరిగి, 6 నుంచి 8 ఏళ్ల వరకు బతుకుతాయి. ఆ కాలమంతా అవి లక్షల సంఖ్యలో సూక్ష్మమైన పిల్లపురుగులను రక్తంలోకి వదులుతూనే ఉంటాయి. అవి ఉన్న చాలామందికి పైకి ఏ లక్షణమూ ఉండదు. కాలు వాచదు, నొప్పి ఉండదు. ఆ మనిషిని కుట్టిన దోమ ఇంకొకరిని కుడితే వ్యాధి అలా పాకుతూనే ఉంటుంది. ఎక్కువ ప్రాంతాల్లో ఈ పిల్లపురుగులు రాత్రివేళ రక్తంలో అధికంగా తిరుగుతాయి కాబట్టే పరీక్షకు నమూనాలు రాత్రిపూట తీస్తారు. ‘మాత్ర మీ కోసమే కాదు, మీ ఇంట్లో పిల్లల కాళ్లు రేపు వాచకుండా ఉండటానికి కూడా’ అని ఈ క్రమాన్ని చిన్న బొమ్మ గీసి వివరిస్తే వినేవారు ఎక్కువమంది ఉంటారు. ఒక ప్రాంతం మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది, వరుసగా కొన్నేళ్లపాటు, ఏటా మాత్రలు మింగితేనే వ్యాప్తి తెగుతుంది. మాత్ర తీసుకుని జేబులో వేసుకున్నవారు ఈ లెక్కలోకి రారు. అందుకే కార్యకర్త ఎదుటే మింగమంటారు.

జ్వరం సంగతి దాచకండి. రక్తంలో పిల్లపురుగులు ఉన్నవారికి, అవి చచ్చేటప్పుడు శరీరం ప్రతిస్పందించి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, వికారం రావచ్చు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. ఈ మాట మాత్ర ఇవ్వకముందే చెప్పినవారిని జనం నమ్ముతారు. జ్వరం వచ్చాక చెబితే అది సాకులాగే వినిపిస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నవారికి ఈ మాత్రలు ఇవ్వరన్న సంగతి కూడా మీరే ముందుగా చెప్పండి; ఎవరికి ఇవ్వకూడదో తెలిసిన కార్యకర్త మాటకు విలువ ఉంటుంది.

వీడియోల విషయంలో నా సలహా ఒక్కటే. దాన్ని ఖండిస్తూ మళ్లీ పదిమందికి పంపకండి. ఖండన మరిచిపోతారు, వీడియో గుర్తుపెట్టుకుంటారు. జ్వరం వచ్చిన మనిషి మీ పరిధిలోని వారైతే ఆరోగ్య కార్యకర్తను వెంటబెట్టుకుని వారి ఇంటికి వెళ్లి, ఎలా ఉన్నారో కనుక్కోండి, అవసరమైతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లక్షణాలు తీవ్రంగా ఉంటే పై అధికారులకు తెలియజేయడం మీ విధి. మర్నాడు ఆ ఇంటివారు ఇరుగుపొరుగుతో చెప్పే మాట మీ ప్రచారమంతటికంటే బలమైనది. అన్నట్టు, మీరు కూడా అందరి ముందూ మాత్ర మింగుతున్నారా? లేకపోతే రేపటి నుంచి అది మొదలుపెట్టండి.

ప్రశ్న: సామాజిక మాధ్యమాల్లో అవగాహన పేజీ నడుపుతున్నాం. రోగుల ఫొటోలు పెడితేనే జనం ఆగి చూస్తున్నారు, పెట్టకపోతే పట్టించుకోవడం లేదు. మంచి ఉద్దేశంతో పెడితే తప్పేముంది?
— ముగ్గురు మిత్రులు

జవాబు: తప్పు ఉంది, అదీ రెండు విధాలుగా. మొదటిది మీకూ తెలిసిందే. వంకరపోయిన వేళ్లనో, వాచిన కాలునో దగ్గరగా చూపించే ఫొటోలో మనిషి మాయమై వ్యాధి మాత్రమే మిగులుతుంది. ఆ ఫొటో ఎక్కడెక్కడికి వెళ్తుందో, పదేళ్ల తర్వాత ఆ మనిషి కూతురి పెళ్లి సంబంధం దగ్గర ఎవరి ఫోనులో తేలుతుందో మీ చేతిలో ఉండదు. తీసేవేళ ‘సరే’ అన్నారని చాలామంది సమర్థించుకుంటారు. చికిత్స చేయించడానికి వచ్చిన బృందం అడిగితే పేదవాడు కాదనగలడా? ముఖం కనిపించే ఫొటో వాడాలంటే, అది ఎక్కడ కనిపిస్తుందో ఫోనులో చూపించి, వద్దంటే వైద్యానికి ఏ లోటూ రాదని చెప్పి, ఆలోచించుకోవడానికి సమయమిచ్చి అడగాలి. పిల్లల ఫొటోలు అసలే వద్దు.

రెండోది ఎక్కువమంది గమనించని నష్టం. భయంకరమైన ఫొటో వ్యాధి గురించి తప్పుడు సమాచారం ఇస్తుంది. కుష్ఠువ్యాధి వేళ్లు పోవడంతో మొదలుకాదు. చర్మం మీద స్పర్శ తెలియని, రంగు పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చతో మొదలవుతుంది. ఆ మచ్చ ఉన్న యువకుడు మీ ఫొటో చూసి ‘నాది అది కాదులే’ అని ఊరట చెందుతాడు, ఆసుపత్రికి వెళ్లడు. సరిగ్గా అతని కోసమే మీరు పేజీ నడుపుతున్నారు. ఆ దశలో 6 నుంచి 12 నెలలు బహుళ ఔషధ చికిత్స తీసుకుంటే వ్యాధి పూర్తిగా నయమవుతుంది. 1995 నుంచి ఆ మందులు ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా దేశాలకు ఉచితంగా అందుతున్నాయి. నోమా అనే వ్యాధి విషయంలోనూ ఇంతే. పోషకాహారం లేని చిన్నపిల్లల ముఖాన్ని తినేసే ఈ వ్యాధి చిగుళ్ల వాపుతో, రక్తస్రావంతో మొదలవుతుంది. అప్పుడే గుర్తిస్తే యాంటీబయాటిక్‌లతో, నోటి శుభ్రతతో, మంచి ఆహారంతో ఆపవచ్చు. తల్లికి చూపించాల్సింది ఆ వాచిన చిగుళ్ల బొమ్మ.

కాబట్టి తొలి లక్షణాల బొమ్మలు గీయించండి, లేదా ఆరోగ్య శాఖ విడుదల చేసినవి వాడండి. చికిత్స పూర్తయి పనిలో ఉన్న మనిషి, తన ఇష్టంతో, తన మాటల్లో చెప్పిన అనుభవం పెట్టండి. చూసేవారు మొదట్లో తగ్గుతారు, నిజమే. ఆ తగ్గుదలను భరించండి.

ప్రశ్న: మా నాన్నకు బోదకాలు. కళాశాలలో ఈ వ్యాధి మీద మాట్లాడమంటున్నారు. మాట్లాడాలని ఉంది, కానీ మా ఇంటి సంగతి తెలిస్తే స్నేహితులు దూరం జరుగుతారేమోనని భయం.
— పేరు రాయడానికి ఇష్టపడని అమ్మాయి

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. నాన్నగారి సంగతి బయటపెట్టకుండా కూడా నువ్వు ఈ వ్యాధి గురించి ఎంతో బాగా మాట్లాడగలవు; ఇంటి విషయం చెప్పి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఒకవేళ చెప్పాలనిపిస్తే, అది నాన్నగారి జీవితం కూడా కాబట్టి ముందు ఆయన్ను అడుగు. ఆయన వద్దంటే అక్కడితో ఆగు.

స్నేహితులు భయపడాల్సిన పని లేదు. ఈ వ్యాధి తాకితే రాదు, కలిసి తింటే రాదు, ఒకే ఇంట్లో ఉంటే రాదు. దోమ ద్వారానే వస్తుంది. పైగా కాలు వాచి ఏళ్లు గడిచిన చాలామంది రక్తంలో అసలు పిల్లపురుగులే ఉండవు.

నీ ప్రసంగంలో వాచిన కాలి సంరక్షణ గురించి తప్పక చెప్పు. మాత్రల గురించి అందరూ చెబుతారు, దీన్ని వదిలేస్తారు. రోజూ కాలిని శుభ్రమైన నీటితో, సబ్బుతో నెమ్మదిగా కడగాలి, ముఖ్యంగా వేళ్ల మధ్య, చర్మం ముడతల్లో. మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్ది, వేళ్ల సందుల్లో తడి లేకుండా ఆరబెట్టాలి. తడి ఉన్నచోట చర్మం పగులుతుంది, ఆ పగుళ్లలోంచి క్రిములు చొరబడి జ్వరం, ఎరుపు, భరించలేని నొప్పి వస్తాయి, అలా వచ్చిన ప్రతిసారీ వాపు మరికొంత పెరుగుతుంది. పగుళ్లు, గాయాలు ఉంటే వెంటనే చూపించుకోవాలి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో ఉంచాలి, పాదానికి సరిపడే మెత్తటి చెప్పులు వేసుకోవాలి. మగవారిలో ఇదే వ్యాధి వల్ల వచ్చే వరిబీజానికి శస్త్రచికిత్స ఉంది. సిగ్గుతో ఏళ్ల తరబడి దాచుకుంటారు కాబట్టి ఈ మాట కూడా పైకి అనాలి. ఇవి ఇంట్లో చేసి చూసిన నీకంటే బాగా చెప్పగలవారు ఆ సభలో ఉండరు. నాన్నగారికి మా నమస్కారాలు.

ప్రశ్న: మాలో చాలామందికి ఓటు హక్కు కూడా రాలేదు. మా మాట ప్రభుత్వాలు వింటాయా?
— ఇంటర్ విద్యార్థులు

జవాబు: వింటాయి, అడిగేది స్పష్టంగా ఉంటే. నోమాను 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితాలో చేర్చింది. నైజీరియా ముందుండి, మరికొన్ని దేశాలను కూడగట్టి ఆ అభ్యర్థన చేసింది. చిన్నతనంలో ఆ వ్యాధి నుంచి బయటపడిన ములికత్ ఒకన్లావాన్, ఫిడెల్ స్ట్రబ్ అనే ఇద్దరు తమ ముఖాలతో, తమ గొంతులతో వేదికల మీద దాని గురించి మాట్లాడి, బాధితుల సంఘం కూడా స్థాపించారు. తాగేనీటితో ఒంట్లోకి చేరిన పురుగు చర్మం చీల్చుకుని బయటికొచ్చే నారికురుపు వ్యాధి సంగతి చూడండి. దానికి టీకా లేదు, నయం చేసే మందూ లేదు. తాగేనీరు గుడ్డతో వడగట్టండి, పురుగు బయటికి వస్తున్న మనిషిని చెరువులో దిగనివ్వకండి అని ఊరూరా చెప్పి, నీటి వనరులను శుద్ధి చేసి, 1986లో సుమారు 35 లక్షలుగా అంచనా వేసిన కేసులను 2024 నాటికి ప్రపంచం మొత్తంలో 15కు తగ్గించారు. ఆ మాటలు చెప్పినవారిలో ఎక్కువమంది ఆ ఊళ్లలోని మామూలు స్వచ్ఛంద సేవకులే.

అయితే సాధించినది నిలుస్తుందన్న హామీ లేదు. 2006 నుంచి ఈ వ్యాధుల కోసం సాగిన అమెరికా ప్రభుత్వ సహాయ కార్యక్రమం 2025లో ఆగిపోయింది. మందులు ఉచితంగా వచ్చినా వాటిని ఇంటింటికీ చేర్చడానికి డబ్బు, మనుషులు కావాలి. 2030 నాటికి ఈ వ్యాధులకు చికిత్స అవసరమయ్యేవారి సంఖ్యను 90 శాతం తగ్గించాలని, కనీసం 100 దేశాలు ఒక్క వ్యాధినైనా నిర్మూలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టుకుంది. ఆ గడువు వచ్చేనాటికి మీరు ఓటర్లు.

అప్పటిదాకా ఆగనవసరం లేదు. మీ స్థానిక ఆరోగ్యాధికారికి ఒక ఉత్తరం రాయండి. గత పంపిణీలో అర్హుల్లో ఎంతమంది మాత్రలు మింగారు, రేబిస్ టీకా, పాముకాటు విరుగుడు మందు ఇప్పుడు నిల్వలో ఉన్నాయా, కుష్ఠు మచ్చలను పరీక్షించే రోజు ఏది, వాచిన కాళ్ల సంరక్షణ ఎక్కడ నేర్పుతారు అని అడగండి. తేదీ వేసి, అందరూ సంతకాలు చేసి, ఒక నకలు దగ్గర ఉంచుకోండి. జవాబు రాకపోతే నెల తర్వాత నకలు జతచేసి మళ్లీ రాయండి. వస్తే, అది నోటీసు బోర్డు మీద అందరికీ కనిపించేలా పెట్టండి.