‘వరకు’లో సున్నా కూడా ఉంటుంది

“అక్కా, ఉద్యోగం వచ్చేటట్టుంది, ఒకసారి చూడండి” అంటూ మా పొదలకూరు అబ్బాయి ఒకడు పోయిన వారం ఒక ప్రకటన పంపించాడు. మెల్‌బోర్న్‌లో దిగి మూడు నెలలైంది. ఎన్ని దరఖాస్తులు పెట్టినా పలకని ఊరు, దీనికి మాత్రం రెండు గంటల్లో ఫోను చేసిందట. నా అనుమానం అక్కడే మొదలైంది.

“మార్కెటింగ్ అసోసియేట్లు కావాలి. అనుభవం అక్కరలేదు. వెంటనే చేరవచ్చు. వారానికి 1,500 డాలర్ల వరకు సంపాదన. ఆరు నెలల్లో మేనేజర్ అయ్యే అవకాశం.” ఇదీ ప్రకటన. మళ్లీ చదివి చూడండి. ఏం అమ్మాలో లేదు, ఎవరికి అమ్మాలో లేదు, గంటకు ఎంతో లేదు. జీతం అన్న మాటే రాయలేదు, సంపాదన అన్నారు. ఇక ఆ ‘వరకు’ ఉంది చూశారూ, అందులో సున్నా కూడా ఉంటుంది.

మా నాన్న పొదలకూరు మార్కెట్‌కు నిమ్మకాయలు తోలేవారు. కమీషన్ అంటే ఏమిటో మన వైపు వాళ్లకు కొత్తగా చెప్పాలా? కొట్టు ఆయన నూటికి ఎంత పట్టుకుంటాడో బస్తా దించకముందే తెలుసు. ధర పడిపోయిన రోజు బండి బాడుగ కూడా గిట్టక నాన్న మాటా పలుకూ లేకుండా వచ్చి అరుగు మీద కూర్చునేవారు. అయినా ఎవరినీ తిట్టుకునేవారు కాదు. తోట మనది, నష్టమూ మనదే అని తెలిసి దిగిన వ్యాపారం అది. కమీషన్ మీద బతికేవాళ్లను నేను తప్పు పట్టను. దాన్ని ఉద్యోగమని పిలిచి, చేరాక చెప్పేవాళ్ల మీదే నా కోపం.

ఇంత తెలిసిన ఇంటి నుంచి వచ్చి నేనూ పడ్డాను, వచ్చిన మొదటి ఏడాదే. ఇంటర్వ్యూకు ఎనిమిది మందిమి వెళితే ఎనిమిది మందినీ తీసుకున్నారు. మరుసటి రోజు ‘పని చూసి నేర్చుకోవాలి’ అని ఒక టీమ్ లీడర్ వెంట పంపించారు. మిట్ట మధ్యాహ్నం ఎండలో వీధి వీధీ తిరిగి తలుపులు తట్టడం, కరెంటు కంపెనీ మారమని బతిమాలడం. ఆ రోజుకు డబ్బు లేదు. తరువాత ఏబీఎన్ తీసుకోమన్నారు. ఆ పదకొండు అంకెల నంబరు వ్యాపారం చేసుకునే వారిది. అది ఇచ్చిన క్షణం నుంచి కాగితాల మీద నేను వాళ్ల ఉద్యోగిని కాను. వారమంతా తిరిగి రెండు ఒప్పందాలు తెచ్చాను. ఒకావిడ ఆలోచించుకుని రద్దు చేసుకుంది. ఇంటికొచ్చి అమ్మినదాన్ని పది పనిదినాల్లోగా వద్దనే హక్కు ఇక్కడి కొనుగోలుదారుకు ఉంది. నా కమీషన్ వెనక్కి తీసుకున్నారు. మా టీమ్ లీడర్‌కు నా అమ్మకాల మీద కూడా వాటా ఉందని అప్పుడు తెలిసింది. మేనేజర్ అవడమంటే మరో ఎనిమిది మందిని తెచ్చుకోవడమే.

చట్టం సంగతి కొంచెం. అసలు ఉద్యోగిని పట్టుకుని కాంట్రాక్టర్ అని చూపించడం ఆస్ట్రేలియాలో 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టం ప్రకారం నేరుగా నిషేధం. ఏబీఎన్ ఉన్నంత మాత్రాన మీరు కాంట్రాక్టర్ అయిపోరు. వేళలు, వీధులు, చెప్పాల్సిన మాటలు అన్నీ వాళ్లే నిర్ణయిస్తుంటే అది ఉద్యోగంగా తేలే అవకాశం ఎక్కువ. ఉద్యోగమైతే కనీస వేతనం ఇవ్వాల్సిందే (2025 జూలై 1న అది గంటకు 24.95 డాలర్లు అయింది), దాని మీద 12 శాతం సూపర్, అంటే రిటైరయ్యాక అందేలా యజమాని కట్టే నిధి. నైపుణ్యం చూడటానికి అవసరమైన కొద్దిసేపు తప్ప, రోజుల తరబడి ఉచిత శిక్షణ పేరుతో పని చేయించుకోకూడదు. స్టూడెంట్ వీసా మీద కోర్సు నడిచే రోజుల్లో పక్షానికి 48 గంటలే పని చేయాలి కదా, ఏబీఎన్ మీద తిరిగిన గంటలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. చేతికి పైసా రాకుండా గంటలు మాత్రం కరిగిపోతాయి.

ముందుగా డిపాజిట్ కట్టమన్నా, యూనిఫాం ఖర్చు పెట్టుకోమన్నా ఇక మాట్లాడే పనే లేదు, వచ్చేయండి. ఇబ్బందుల్లో పడితే ఉద్యోగుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ వాళ్లు 13 13 94లో పలుకుతారు. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు తెలపవచ్చు.

ఆ అబ్బాయిని ఒకే ప్రశ్న అడగమన్నాను: “ఈ వారం నేను ఒక్కటి కూడా అమ్మలేకపోతే శుక్రవారం నా ఖాతాలో ఎంత పడుతుంది? అంకె రాసి పంపండి.” ఫోనులో చెప్తే లెక్కలోకి రాదు, మెయిల్‌లోనే కావాలి అన్నాను. జవాబు రానే వచ్చింది: “మాకు సానుకూలంగా ఆలోచించేవాళ్లు కావాలి.” అంకె లేదు.

ఇప్పుడతను రాత్రిపూట ఒక గోదాములో పెట్టెలు సర్దుతున్నాడు. గంటకు ఇంత అని జీతం, జీతం పడిన మరుసటి రోజుకల్లా పే స్లిప్. ఊళ్లో వాళ్ల నాన్న మాత్రం ఇంకా ‘మా వాడు మార్కెటింగ్‌లో చేరుతున్నాడు’ అనే చెబుతున్నాడట. ఎలా చెప్పాలక్కా అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంకా జవాబు లేదు.